తూనీగ మెడలో ఇత్తడి బిళ్ళ

నేను ఐసు ఫ్యాక్టరీలో హెడ్ మెకానిక్‌గా రిటైరయ్యాను. పల్లెటూరి బడిలో ఐదో తరగతితో చదువు ఆగిపోయినవాణ్ణి. అయినా ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు పంతొమ్మిదో ఎక్కం కింది నుంచి పైకి అప్పజెప్పి కొత్త పలక బహుమతి కొట్టేసింది నేనే. మొరాయించిన కంప్రెసర్ని ఇంజనీరు వచ్చేలోపే విప్పి, బిగించి, తిప్పి చూపించింది నేనే. నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ వేరే ఊళ్ళలో హెడ్ మెకానిక్కులు. రిటైరైన రోజున ఓనరు ఇచ్చిన గోడ గడియారం ఇప్పటికీ నా గదిలో తడబడకుండా నడుస్తోంది. గొప్పలు చెప్పుకుంటున్నాడు ముసలాడు అనుకోండి, ఫర్వాలేదు. గొప్ప ఉంది కాబట్టి చెప్పుకుంటున్నాను.

ఇక మా తమ్ముడి సంగతి. ఒక మనిషిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, మధ్యలో ఎక్కడా వదిలెయ్యకుండా మళ్ళీ ఇంటికి చేర్చడం. మీకూ నాకూ అది పని కిందే లెక్క కాదు. మా తమ్ముడు తన చివరి కాలమంతా ఆ ఒక్క పనికే పెట్టుబడి పెట్టాడు. నెగ్గాడో ఓడాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాణ్ణి అందరూ తూనీగ అనేవాళ్ళు. ఎక్కడా కుదురుగా వాలడు, వాలినా రెక్క ఆడుతూనే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ వాడి చొక్కా అంచుని తన నడుముకి ముడేసుకుని వంట చేసుకునేది. బడిలో మాస్టారు నన్ను చూపించి, "అన్న చూడు, బెంచీకి మేకు కొట్టినట్టు కూర్చుంటాడు. నీ కింద ఏం పెట్టార్రా, నిప్పులా?" అనేవారు. ప్రశ్న పూర్తి కాకముందే తూనీగ జవాబు చెప్పేసేవాడు. ఆ జవాబు ఒక్కోసారి వేరే ప్రశ్నకి సరిపోయేది. సైకిలు మీద బజారుకి వెళ్ళి నడిచి వచ్చేవాడు. సైకిలేదిరా అంటే కాసేపు ఆలోచించి, "వెళ్ళేటప్పుడు ఉంది" అనేవాడు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

పెద్దయ్యాక ఆ నవ్వు తగ్గింది. ప్రింటింగ్ ప్రెస్సులో చేరాడు, మానేశాడు. సైకిలు షాపులో చేరాడు, వాళ్ళే మాన్పించారు. బేకరీలో పొయ్యి దగ్గర నిలబెడితే, పక్కన పిండి కలిపే మిషను గరగరమంటోందని దాన్ని విప్పి కూర్చున్నాడు. రొట్టెలన్నీ బొగ్గులయ్యాయి. మిషను మాత్రం కొన్నదగ్గర్నుంచీ అంత మెత్తగా ఎప్పుడూ తిరగలేదని బేకరీవాడే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, మెడ పట్టి గెంటాడు.

వాడి భార్య, అంటే మా మరదలు, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని సంసారం లాగేది. ఒకసారి నా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడి అంది:

"బావగారూ, మీ తమ్ముడికి బుర్ర లేదని నేననను. ఉన్న బుర్ర ఇంటిపట్టున ఉండదు. మీ ఫ్యాక్టరీలో చేర్పించండి. మీ కళ్ళ ముందుంటాడు."

"అక్కడ గ్యాసుతో పనమ్మా. ఆటలు కాదు."

"ఇక్కడ పసిదానితో పని. ఇదీ ఆటలు కాదు."

నేను ఓనరుతో చెప్పి పెట్టించాను. నా మాటంటే అక్కడ సిమెంటు మీద రాసినట్టు.

ఐసు తయారీ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. పెద్ద తొట్టెలో ఉప్పునీళ్ళు ఉంటాయి. వాటిని అమ్మోనియా గ్యాసు చల్లబరుస్తుంది. మంచినీళ్ళు పోసిన పొడుగాటి డబ్బాలు అందులో ముంచితే గడ్డకడతాయి. గ్యాసుని తిప్పేది కంప్రెసరు. కంప్రెసరులోని నూనె కొంచెం కొంచెంగా గ్యాసుతో పాటు వెళ్ళి, వెనక గదిలో ఉన్న ట్యాంకు అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడూ బకెట్లోకి దించెయ్యాలి. వాల్వు సన్నగా తిప్పితే నల్లటి నూనె తేనెలాగా జారుతుంది. జారుతుంది, జారుతుంది, జారుతూనే ఉంటుంది. అంత విసుగు పుట్టించే పని భూమ్మీద ఇంకోటి లేదు. నూనె అయిపోయిన క్షణంలో వాల్వు బుస్సుమంటుంది. ఆ బుస్సుకి కట్టెయ్యాలి. లేకపోతే వచ్చేది గ్యాసు. అది ముందు కళ్ళని వెతుక్కుంటుంది. తర్వాత ఊపిరి.

అందుకని మా గురువు నాటి నుంచీ ఒక కట్టుబాటు ఉండేది. వెనక గది తలుపు పక్కన కొక్కానికి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. నూనె దించేవాడు దాన్ని తీసి మెడలో వేసుకుని లోపలికి వెళ్ళాలి. వాల్వు కట్టేశాకే బయటికొచ్చి బిళ్ళ కొక్కానికి తగిలించాలి. బిళ్ళ మెడలో ఉన్నవాణ్ణి ఎవరూ పిలవకూడదు, ఏ పనీ చెప్పకూడదు. కొక్కెం ఖాళీగా ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. చదువుకున్నవాడికీ చదువురానివాడికీ ఒక్కలాగే అర్థమయ్యే గుర్తు.

డబ్బాలు పైకి లాగే పనిలో ఒకతను ఉండేవాడు. పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ నిదానం. నడకా మాటా నవ్వూ అన్నీ నిదానమే. జోకు పొద్దున చెబితే మధ్యాహ్నం భోజనాల దగ్గర నవ్వేవాడు. పెళ్ళి చేసుకోలేదు, వాళ్ళక్క ఇంట్లో ఉండేవాడు. తూనీగకీ వాడికీ ఎలా కుదిరిందో దేవుడికే తెలియాలి.

"ఒరేయ్ తూనీగా, టిఫిను డబ్బా ఎక్కడ పెట్టావురా?"

"ఇక్కడే పెట్టాను బావా."

"ఇక్కడంటే?"

"అప్పుడు ఇక్కడున్నాను."

బంధుత్వం ఏమీ లేకపోయినా వరస కలిపి బావా అని పిలిచేవాడు. నిదానం వాడి టిఫిను డబ్బా వెతికేవాడు, చెప్పుల జత కలిపేవాడు, పని మధ్యలో వాడి కళ్ళు ఎటో తేలిపోతే భుజం మీద తట్టి, "ఇటు రా" అనేవాడు. ఆ "ఇటు రా" మీద మా తమ్ముడి ఉద్యోగం నాలుగైదేళ్ళు నిలబడింది. వాడి జీవితంలో అంతకాలం నిలిచిన పని అదొక్కటే. మరదలు నన్ను చూస్తే లేచి నిలబడేది.

ఆ రోజు ఎండ మండిపోతోంది. బయట లారీలు ఐసు కోసం క్యూ కట్టాయి. నూనె దించమని తూనీగకి చెప్పారు. వాడు బిళ్ళ మెడలో వేసుకుని లోపలికి వెళ్ళాడు. వాల్వు తిప్పాడు. నూనె జారడం మొదలైంది. ఇదంతా వాడే తర్వాత చెప్పాడు.

ఇంతలో ముందు వసారాలో ఐసు నలిపే క్రషరు కీచుమంది. బెల్టు జారుతున్న చప్పుడు. వేరేవాళ్ళకి అది చప్పుడు. వాడికి అది పేరు పెట్టి పిలిచినట్టు. వెనక తలుపులోంచి బయటికొచ్చి, గోడ చుట్టూ తిరిగి క్రషరు దగ్గరికి పోయాడు. స్పానరు అందుకున్నాడు. లారీవాళ్ళు చుట్టూ మూగి, "అబ్బ, చెయ్యంటే చెయ్యిరా" అంటున్నారు. మెడలో బిళ్ళ ఊగుతూనే ఉంది. లారీవాళ్ళకి బిళ్ళ సంగతేం తెలుసు?

వెనక గదిలో నూనె అయిపోయింది. వాల్వు బుస్సుమంది. వినడానికి అక్కడ మనిషి లేడు.

వాసన ముందు పట్టింది నిదానం. కొక్కెం వైపు చూశాడు. ఖాళీ. అంటే తూనీగ లోపలున్నాడు. పడిపోయి ఉంటాడు.

నా అంత సర్వీసున్నవాడైనా అదే అనుకుంటాడు. మా కట్టుబాటు తెలియని మనిషైతే వెనక్కి పరిగెత్తి బతికిపోయేవాడు. నిదానం జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు. లోపలికి. తూనీగా, తూనీగా అని అరుస్తూ ఆ తెల్లటి పొగలో నేలంతా తడిమాడు. అరవడానికి నోరు తెరిచినందుకు ఊపిరితిత్తులు పోయాయి. వెతకడానికి కళ్ళు తెరిచినందుకు కళ్ళు పోయాయి.

మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్ళి వాల్వు కట్టింది నేనే. నిదానాన్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చిందీ నేనే. తొట్టె దగ్గర పడుకోబెట్టి కళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను, ఆంబులెన్సు వచ్చేదాకా. అప్పుడొచ్చాడు తూనీగ, చేతిలో స్పానరుతో, మొహం నిండా నవ్వుతో. "అన్నయ్యా, బెల్టు..." అని ఆగిపోయాడు. తలొంచి తన మెడకేసి చూసుకున్నాడు.

ఆ చూపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

వాణ్ణి తీసేశారు. ఓనరు నన్ను పిలిచి, "మీ తమ్ముడే కదా?" అన్నాడు. "అవునండీ, నా తమ్ముడే" అన్నాను. తర్వాత బిళ్ళ పద్ధతి తీసేసి వెనక గదిలో చెయ్యి వదిలితే దానంతటదే మూసుకునే వాల్వు పెట్టించారు. దాన్ని బిగించిందీ నేనే. పాత బిళ్ళ ఎవరూ అడగలేదు. అది తూనీగ దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత వాడు ఇంట్లో పంపులూ స్టవ్వులూ బాగుచేసేవాడు. ఇల్లంతా విప్పిన సామానే. ఒక దాని స్క్రూలు ఇంకోదాని గిన్నెలో. మరదలు మిషను తొక్కుతూ తలెత్తకుండా, "నన్నొక్కదాన్నే విప్పలేదు ఇంకా" అనేది. వాడికి నిద్ర లేదు, తిండి లేదు. నిదానం ఆసుపత్రి నుంచి వచ్చాక వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళక్క గుమ్మానికి అడ్డంగా నిలబడేది.

"వచ్చాడమ్మా మహానుభావుడు! ఏం నాయనా, కళ్ళయ్యాయి, ఇంక చెవులు కావాలా?"

వాడు వెనక్కి వచ్చేసేవాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళేవాడు.

తూనీగకి ఒక్కతే కూతురు. తండ్రికి పూర్తిగా తిరగేసిన పిల్ల. కదలదు, మెదలదు, మాట్లాడదు. క్లాసులో కిటికీ పక్కన కూర్చుంటుంది, గంట కొట్టినా లేవదు. పిలిస్తే మూడో పిలుపుకి "ఆఁ" అంటుంది. లెక్కలో మొదటి మెట్టు రాసి, రెండో మెట్టు దగ్గర ఎటో వెళ్ళిపోతుంది. తండ్రి తూనీగ, కూతురు రాయి అనుకునేవాణ్ణి. బడిలో టీచరమ్మ మాత్రం, "ఈ పిల్ల మొద్దు కాదండీ. అడిగితే అన్నీ తెలుసు, అడిగినట్టే తెలియట్లేదు. ఒకసారి డాక్టరుకి చూపించండి" అంది. మరదలు ఒంటరిగా వెళ్ళడానికి భయపడితే నేను తోడు వెళ్ళాను. పిల్లనీ, వాళ్ళ నాన్ననీ కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం.

డాక్టరమ్మ నా కూతురి ఈడుది. నింపాదిగా అడగడం మొదలుపెట్టింది. చెప్పింది మధ్యలో మరిచిపోతుందా? వస్తువులు పారేసుకుంటుందా? మొదలుపెట్టిన పని వదిలేస్తుందా? ఎదురుగా మాట్లాడుతున్నా విననట్టు ఉంటుందా? మరదలు ప్రతి ప్రశ్నకీ పిల్లకేసి కాకుండా మొగుడికేసి చూస్తోంది. మొగుడు కుర్చీలో లేడు. గది మూల తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. తలుపు కిర్రుమంటోందట. నాణెం పెట్టి బందు స్క్రూలు బిగిస్తున్నాడు.

డాక్టరమ్మ రాయడం ఆపింది.

"ఆయన ఎప్పుడూ ఇంతేనా?"

"పుట్టిన దగ్గర్నుంచీ" అన్నాను నేను. "ఇంత పెద్దవాణ్ణి, ఇన్ని యంత్రాలు లొంగదీశాను. వాడొక్కడే లొంగలేదు."

ఆమె నవ్వలేదు. ఇంకో రోజు రమ్మని, వాడితో విడిగా, మాతో విడిగా చాలాసేపు మాట్లాడింది. చిన్ననాటి సంగతులు నా దగ్గర తవ్వి తీసింది. ఆఖరికి చెప్పింది: ఇద్దరిదీ ఒకటే, అవధాన లోపం, ఇంగ్లీషులో ఏడీహెచ్‌డీ అంటారు. నాకు కోపం వచ్చింది. ఒకడు గాలి, ఒకతె రాయి, ఇద్దరికీ ఒకే జబ్బేమిటమ్మా అన్నాను. నాకు అర్థం కాకుండా ఏ మాటా వదలను నేను. బడిలోనూ అంతే.

ఆమె విసుక్కోలేదు. కొందరిలో అది ఒంట్లో కనిపిస్తుందట. కాళ్ళాగవు, నోరాగదు, ఆలోచనకంటే చెయ్యి ముందుంటుంది. కొందరిలో ఒళ్ళు కూర్చునే ఉంటుంది, మనసు లేచిపోతుంది. వీళ్ళు ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆడపిల్లలు ఎక్కువగా ఇలాగే మరుగున పడిపోతారట. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి. మా తమ్ముడిది ఆ మూడో రకం. వయసొచ్చేకొద్దీ పైకి కనిపించే పరుగు తగ్గి లోపలికి పోతుందట. పెంపకం వల్ల రాదు, చాలావరకు రక్తంలోనే వస్తుంది. బద్ధకమూ కాదు, పొగరూ కాదు.

"శ్రద్ధ లేదంటారు గానీ, అది సరైన మాట కాదండీ" అంది. "ఉంది. ఎటు తిప్పాలన్నది వాళ్ళ చేతిలో ఉండదు. నచ్చినదాని మీద పడితే ఇల్లు తగలబడుతున్నా తెలియదు. విసుగు పుట్టించేదాని మీద ఎంత గింజుకున్నా నిలవదు."

అప్పుడు నాకు తెలిసింది. గ్యాసు తక్కువ కాలేదు, వాల్వుకి పిడి లేదు. ఆ మాట పైకే అన్నాను. ఆమె, "ఇది నేను ఇంకెవరికైనా చెప్పచ్చా?" అంది. చెప్పుకోమన్నాను.

తూనీగ అంతసేపూ నేలచూపులు చూస్తున్నాడు. ఉన్నట్టుండి అడిగాడు:

"అమ్మా, అయితే ఆ రోజు నేను కావాలని వెళ్ళలేదా?"

వాడు ఏ రోజు గురించి అంటున్నాడో ఆమెకి అంతకు ముందే చెప్పాడు. ఆమె సూటిగానే చెప్పింది:

"కావాలని వెళ్ళలేదు. కానీ వెళ్ళారు. ఈ రెండోదానికి నా దగ్గర మందు లేదు."

మొదటిదానికి ఉంది. గుండె పరీక్ష చేసి మాత్రలిచ్చింది. ఇద్దరికీ కొన్ని పద్ధతులు చెప్పింది: పని చిన్న ముక్కలుగా చేసుకోవడం, గుర్తుంచుకోవలసింది బుర్రలో కాకుండా కంటికి, చేతికి తగిలేలా పెట్టుకోవడం. పిల్ల కిటికీ పక్క నుంచి ముందు బెంచీకి మారింది. నెమ్మదిగా రెండో మెట్టు, మూడో మెట్టు రాయడం మొదలుపెట్టింది. వాళ్ళమ్మ ఒకరోజు మిషను ఆపి ఏడ్చింది. ఏమ్మా అంటే, "దాన్ని ఎన్ని దెబ్బలు కొట్టానో బావగారూ" అంది.

తూనీగ ఆ పేరు పట్టుకుని తిన్నగా నిదానం ఇంటికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. ఆ రోజు వాళ్ళక్క అడ్డం రాలేదు, అలిసిపోయి ఉంటుంది. నిదానం మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు తెల్లటి గాజు గోళీల్లా ఉన్నాయి. మాటకి మాటకి మధ్య ఈల లాంటి ఊపిరి.

"బావా, నాకున్నదానికి పేరుందట. డాక్టరమ్మ చెప్పింది."

"పేరు దొరికిందా?"

"ఆఁ."

"మంచిది." చాలాసేపటికి మళ్ళీ అన్నాడు: "నా కళ్ళు దొరికాయా?"

తూనీగ వెళ్ళిపోలేదు. సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాడు. వాడు అంతసేపు కదలకుండా ఉండటం నేను చూసింది అప్పుడే. చివరికి నిదానమే అన్నాడు, "కాలు నొప్పెడుతుంది, కూర్చో."

అలా మొదలైంది. వెళ్ళి కూర్చునేవాడు. కొన్నాళ్ళకి నిదానం, "ఈ గోడ నాకు కంఠతా వచ్చింది. బయటికి తీసుకెళ్తావా?" అని అడిగాడు. తూనీగ ఎగిరి గంతేశాడు. బజారు దాకా చెయ్యి పట్టుకుని బాగానే తీసుకెళ్ళాడు. దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి, టీ తెస్తానని పోయాడు. టీ కొట్టువాడి స్టవ్వు సరిగా మండటం లేదు.

ఇంటికి ఒక్కడే వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టాక పిల్ల అడిగింది, "నాన్నా, మామయ్య ఏడి?"

వాడు పరిగెత్తేసరికి దుకాణం కట్టేసి ఉంది. నిదానం అదే అరుగు మీద, వాన జల్లులో, మోకాళ్ళు కావిలించుకుని కూర్చుని ఉన్నాడు. ఎవరో పిచ్చివాడనుకుని పక్కన చిల్లర పడేసి పోయారు.

వాళ్ళక్క ఊరంతా వినేటట్టు తిట్టింది. "ఒకసారి గ్యాసులో వదిలేశాడు, ఇప్పుడు వీధిలో వదిలేశాడు. ఇంకోసారి ఇటొస్తే చీపురు తిరగేస్తాను!" మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నానన్నాడు. నిజమే, వేసుకుంటున్నాడు. కొంచెం ఆసరా ఇచ్చాయి. మాత్ర పిడిని ఇస్తుంది గానీ తిప్పే చెయ్యి మనదే కదా. వాడు నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, నేను మనిషినా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే నిదానం కబురు పెట్టాడు. ఇద్దరం వెళ్ళాం.

"ఆ బిళ్ళ ఉందా?" అన్నాడు.

"ఉంది."

"తీసుకురా." తెచ్చాక వేళ్ళతో తడిమి చూశాడు, అంచులూ, తాడూ, బెజ్జం. "ఇదిగో, ఇక్కడ గుమ్మం పక్కన మేకు కొట్టు. నన్ను తీసుకెళ్ళేటప్పుడు దీన్ని మెడలో వేసుకో. నన్ను మళ్ళీ ఈ గుమ్మంలో దింపేదాకా తియ్యకు. ఎక్కడన్నా చెయ్యి గుండె మీదికి పోతే తగులుతుంది. తగిలితే గుర్తొస్తుంది, వాల్వు తెరిచే ఉందని."

వాళ్ళక్క, "నీకేమన్నా పిచ్చా? వాడి వల్ల పోయింది చాలదా?" అంది.

"వాడు కాక నన్ను తిప్పేవాళ్ళెవరున్నారే? నువ్వు తిప్పుతావా?" అన్నాడు నిదానం. అందులో క్షమించడం ఏమీ లేదు. అతను ఎప్పుడూ క్షమించానని అనలేదు. అడిగినా అనేవాడు కాదు.

బయల్దేరే ముందు నిదానం ప్రతిసారీ చెయ్యి చాచి వాడి మెడలో బిళ్ళ తడిమి చూసుకునేవాడు. "ఉందిలే బావా" అంటే, "నీ మాట కాదు, నా చెయ్యి చెప్పాలి" అనేవాడు. మధ్యాహ్నం తర్వాత ఇద్దరూ ఫ్యాక్టరీ వెనక గోడ పక్కనున్న సిమెంటు బల్ల దాకా నడిచేవాళ్ళు. అక్కడ కంప్రెసరు చప్పుడు గోడలోంచి వినిపిస్తుంది. నిదానానికి అదంటే ప్రాణం. "ఇవాళ దగ్గుతోందిరా" అనేవాడు. "నాలాగే."

వీధిలో పిల్లలు తూనీగని చూసి, "బిళ్ళ బంట్రోతు వచ్చాడు!" అని వెక్కిరించేవాళ్ళు. వాడు నవ్వేవాడు. నడుస్తూ నడుస్తూ కళ్ళు ఏ మోటారు వైపో తేలిపోయేవి, చెయ్యి బిళ్ళ మీదికి పోయేది, కళ్ళు వెనక్కి వచ్చేవి. నేను వెనకాల నడిచి ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. చిల్లు పడిన పైపుకి రోజూ కొత్తగా గుడ్డ చుట్టడం లాంటి పని అది. తేలిగ్గా ఉండేదని ఎవరైనా అంటే వాళ్ళకి తెలియదు. ఇంటికొచ్చేసరికి వాడి చొక్కా చెమటతో తడిసి ఉండేది.

ఏళ్ళు గడిచాయి. వాడు మరదలు చెప్పిన సరుకులు మరిచాడు, నా ఇంట్లో గొడుగులు మరిచాడు, పిల్ల పరీక్ష పాసైన రోజున స్వీట్లు కొనడానికి వెళ్ళి టార్చిలైటు కొనుక్కొచ్చాడు. నిదానాన్ని మరవలేదు.

మొన్న ఎండాకాలం. పట్టపగలు. ఆసుపత్రి నుంచి నాకు ఫోను వచ్చింది. మీ తమ్ముడు రోడ్డు మీద పడిపోతే ఎవరో తెచ్చారని చెప్పారు. నేను వెళ్ళేసరికి అయిపోయింది. గుండె. మరదలు, పిల్ల అప్పటికే వచ్చి ఉన్నారు. పిల్ల ఇప్పుడు పెద్దదైంది, తల్లిని పట్టుకుని నిలబడింది. నర్సు ముసుగు తీసింది. చొక్కా బొత్తాలు విప్పి ఉన్నాయి. ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ.

నేను ఇంకేం చూడలేదు. "ఎక్కడ పడిపోయాడు?" అని అడిగాను. టీ కొట్టు ముందట, రెండు గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటుతూ.

"పెదనాన్నా, ఎక్కడికి?" అంది పిల్ల. అంతలోనే ఆమె చూపూ బిళ్ళ మీద పడింది. తనే వంగి, తండ్రి తల పైకెత్తి, తాడు తీసి నా చేతిలో పెట్టింది. "తొందరగా వెళ్ళు. మామయ్య ఎండలో ఉంటాడు."

ఈ వయసులోనూ నేను నడవగలను. నా ఈడువాళ్ళు కర్ర పట్టుకుంటారు, నాకు అవసరం లేదు. ఆ రోజు మాత్రం గోడలు పట్టుకుని నడిచాను.

నిదానం సిమెంటు బల్ల మీదే ఉన్నాడు. నీడ అతన్ని వదిలేసి వెళ్ళిపోయింది. పెదాలు ఎండిపోయాయి. అడుగుల చప్పుడు విని తలెత్తాడు.

"ఎవరు?"

"నేను. హెడ్ మెకానిక్కుని."

"వాడేడి? మళ్ళీ వదిలేశాడా?"

గొంతులో కోపం లేదు. అన్నేళ్ళూ ఆ మాట కోసమే సిద్ధంగా ఉన్నట్టు ఉంది. అతని చెయ్యి పట్టుకుని నా మెడ దగ్గర పెట్టాను. వేళ్ళు బిళ్ళని తడిమాయి, అంచులూ, బెజ్జం, తాడు. తాడు ఇంకా చెమటకి తడిగా ఉంది.

"తీశాడా?" అన్నాడు.

"తియ్యలేదు. పిల్ల తీసింది."

గోడ అవతల కంప్రెసరు తిరుగుతోంది. నిదానం లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. బిళ్ళ మెడలో ఉన్నవాణ్ణి పలకరించకూడదు కదా.

వాళ్ళక్క గుమ్మంలో ఎదురు చూస్తోంది. నన్ను చూసి, నా మెడ చూసి, తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. నిదానం గడప దాటాక గోడ తడుముకుని మేకు ఎక్కడుందో నాకు చూపించాడు.

బిళ్ళ తీసి దానికి తగిలించాను.